మొదటి వరుసలో ‘రద్దు’ నొక్కితే మిగతావి ఆమోదం: ఒక ఫారం బటన్ కేసు

నేపథ్యం

హాస్టల్ ప్రవేశాల దరఖాస్తులు చూసుకునే ఒక విద్యాసంస్థ ఆఫీసు కోసం ఎప్పుడో పీహెచ్‌పీలో (సర్వర్‌లో నడిచే భాష) రాసిన అప్లికేషన్ ఇది. సంస్థ పేరు, ఊరు, దరఖాస్తుదారుల వివరాలు తీసేశాను. స్క్రీన్ మీది మాటలు కొన్ని మార్చాను. పేజీ నిర్మాణాన్ని మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే కేసంతా అందులోనే ఉంది.

ఆఫీసువాళ్లు రోజంతా పనిచేసే స్క్రీన్ ఒకటే. దరఖాస్తుల టేబుల్, కొత్తగా వచ్చినవి పైన. ఒక్కో వరుసలో ముందు చెక్‌బాక్స్, తర్వాత దరఖాస్తు నంబరు, విద్యార్థి పేరు, కోర్సు, చివర ‘రద్దు’ బటన్. టేబుల్ అడుగున ‘ఎంచుకున్నవి ఆమోదించు’ అనే పెద్ద బటన్. ఇరవై మందికి టిక్ పెట్టి ఒక్క నొక్కుతో ఆమోదించేయొచ్చు. ఎవరిదైనా తీసేయాలంటే వాళ్ల వరుసలో రద్దు కొట్టాలి. అడగ్గానే ఎవరైనా ఇలాగే డిజైన్ చేస్తారు, అందులో తప్పేమీ లేదు.

దాన్ని హెచ్‌టీఎంఎల్‌లో (వెబ్ పేజీ నిర్మాణాన్ని రాసే భాష) రాసిన తీరు కింద ఉంది. ఇందులో ఫారం అంటే, బటన్ నొక్కగానే తనలోని పెట్టెల విలువల్ని సర్వర్‌లో ఒక చిరునామాకి పంపే కట్ట:

ఫారం మొదలు (ఆమోదం)
— టేబుల్
—— వరుస: చెక్‌బాక్స్, నంబరు, పేరు, కోర్సు, [ఫారం మొదలు (రద్దు), బటన్, ఫారం ముగింపు]
—— తర్వాతి వరుసలు కూడా ఇలాగే
— టేబుల్ ముగింపు
— ఆమోదం బటన్
ఫారం ముగింపు

అంటే ఫారం కడుపులో ఫారం. హెచ్‌టీఎంఎల్‌లో ఇది ఎప్పుడూ చెల్లదు. 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01లోనూ చెల్లదు, ఇప్పుడూ చెల్లదు. అయినా పేజీ తెరుచుకుంటుంది, బటన్లు కనిపిస్తాయి, చాలావరకు పనిచేస్తాయి కూడా. ఆ ‘చాలావరకు’ వల్లే ఇది ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఫిర్యాదు

ఆఫీసులో పనిచేసే ఒకావిడ ఫోన్‌లో అన్న మాట ఇది: “సార్, ఒకబ్బాయిది క్యాన్సిల్ కొట్టానండీ. అది క్యాన్సిల్ కాలేదు సరికదా, టిక్ పెట్టినవన్నీ అప్రూవ్ అయిపోయాయి. అందరికీ మెసేజీలు కూడా వెళ్లిపోయాయి.”

అంతకుముందు కూడా ఫిర్యాదులు వచ్చాయి గానీ వాటికి ఒక ఆకారం లేదు. ఒకరోజు ఒక పేరు చెబుతారు, మరో రోజు ఇంకో పేరు. కొన్నిసార్లు రద్దు నొక్కితే ‘కనీసం ఒక దరఖాస్తు ఎంచుకోండి’ అని వచ్చేదట. నెట్ స్లో అనుకుని పేజీ మళ్లీ తెరిచేవాళ్లు. ఈలోగా పైన కొత్త దరఖాస్తు వచ్చి చేరేది, ఈసారి రద్దు చక్కగా పనిచేసేది. ‘అప్పుడప్పుడూ వస్తుంది సార్’ అనే సమస్యల్లో చాలావాటి లోపల ఇలాంటి కచ్చితమైన నియమం ఒకటి ఉంటుంది. చూసేవాళ్లకు అది ఇంకా కనిపించి ఉండదు, అంతే.

నేను అడిగిన మొదటి ప్రశ్న ఎవరిది అని కాదు, టేబుల్‌లో అది ఎన్నో వరుస అని. ఆవిడ కాసేపు ఆలోచించి, “పైదేనండీ, ఎప్పుడూ పైదే” అన్నారు. రెండో ప్రశ్న, ‘నిజంగా రద్దు చేయాలా?’ అని అడిగిందా అని. అడగలేదట. మిగతా వరుసల్లో అడుగుతుందట. ఈ రెండో జవాబుతో కేసు సగం తేలిపోయింది. ఆ నిర్ధారణ ప్రశ్న లోపలి ఫారంకి తగిలించి ఉంది. ప్రశ్న రాలేదంటే ఆ వరుసలో ఫారమే లేదన్నమాట.

బ్రౌజర్ ఏం చేస్తోంది

పార్సర్ (హెచ్‌టీఎంఎల్‌ని చదివి పేజీని కట్టే బ్రౌజర్ భాగం) తన దగ్గర ‘ప్రస్తుతం తెరిచి ఉన్న ఫారం ఇది’ అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు ఉండగా మరో ఫారం ప్రారంభ ట్యాగ్ ఎదురైతే దాన్ని పట్టించుకోదు, పారేస్తుంది. కాబట్టి మొదటి వరుసలోని రద్దు ఫారం పేజీలోకి రానే రాదు. దానిలో ఉండాల్సిన బటన్ బయటి ఆమోదం ఫారం చేతికి పోతుంది. నిర్ధారణ ప్రశ్న లేకుండా, టిక్ పెట్టిన నంబర్లన్నీ పట్టుకుని ఆమోదం చిరునామాకి వెళ్తుంది.

మరి రెండో వరుస ఎందుకు బాగుంది? మొదటి వరుసలో ప్రారంభ ట్యాగ్‌ని పారేశాక ముగింపు ట్యాగ్ వస్తుంది కదా. ఆ ముగింపు చూసి పార్సర్ తన గుర్తును చెరిపేసుకుంటుంది. టేబుల్ గడి లోపల ఉన్నందువల్ల బయటి ఫారాన్ని నిజంగా మూసేయలేదు. గుర్తు మాత్రం పోయింది. దాంతో రెండో వరుసలో వచ్చిన ఫారం మామూలుగా లోపలికి వచ్చేస్తుంది, మూడోదీ అంతే. నిబంధన ప్రకారం ఉండకూడని ఫారంలో ఫారం రెండో వరుస నుంచి నిజంగానే తయారవుతుంది. నష్టపోయేది మొదటి వరుస ఒక్కటే.

చూసి నిర్ధారించుకోవడం తేలిక. పేజీని మొదట రాసిన రూపంలో తెరిచి, క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో మొదటి రద్దు బటన్‌ని ఎంచుకుని, కన్సోల్‌లో ‘డాలర్ సున్నా డాట్ ఫారం’ అని అడిగాను (డాలర్ సున్నా అంటే ప్రస్తుతం ఎంచుకున్న ఎలిమెంట్). ఆమోదం ఫారాన్ని చూపించింది. రెండో వరుస బటన్‌ని అడిగితే రద్దు ఫారాన్ని చూపించింది. ‘వ్యూ సోర్స్’లో రెండు వరుసలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి, ఎలిమెంట్స్ ట్యాబ్‌లో మాత్రం వేరు. సోర్స్‌లో ఉన్నది మనం పంపింది, ఎలిమెంట్స్‌లో ఉన్నది బ్రౌజర్ సరిదిద్దుకుని కట్టుకున్నది. బటన్ ఏ ఫారందో తేల్చేది ఈ రెండోదే.

వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వారి ఎన్‌యూ చెకర్‌లో (హెచ్‌టీఎంఎల్ తప్పులు పట్టే వ్యాలిడేటర్) సోర్స్ పెడితే, ఫారం ఇప్పటికే తెరిచి ఉండగా మరో ఫారం కనిపించింది, ట్యాగ్‌ని వదిలేస్తున్నాను అని ఎర్రగా చెప్పింది. జరిగింది అదే. ఈ పేజీని ఎవరైనా ఒక్కసారి వ్యాలిడేట్ చేసి ఉంటే ఆ మెసేజీలు వెళ్లేవి కావు.

అంతకుముందు చేసి చూసినవి

నా దగ్గరికి వచ్చేసరికి దీని మీద రెండు మరమ్మతులు జరిగి ఉన్నాయి. ఒకటి అమల్లో ఉంది, ఒకటి వెనక్కి తీసేశారు. రెండింటి వెనకా ఆలోచన ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అమల్లో ఉన్నది ఖాళీ ఫారం కిటుకు. టేబుల్ శీర్షిక వరుసలోని ఒక గడిలో, ఏమీ లేని ఒక ఫారాన్ని తెరిచి మూసేశారు. మొదటి లోపలి ఫారం ఎలాగూ బలి కావాలి కదా, ఆ బలి ఏదో దీన్నే ఇద్దామని. తర్కం సరైనదే, పేజీ తెరవగానే మొదటి వరుస కూడా పనిచేసింది. కోర్సుని బట్టి ఫిల్టర్ చేస్తే మాత్రం మళ్లీ పాత కథే. ఫిల్టర్ చేసినప్పుడు సర్వర్ నుంచి వరుసలు మాత్రమే వస్తాయి, స్క్రిప్టు వాటిని ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ (ఎలిమెంట్ లోపలి సరుకును మార్చే పద్ధతి) ద్వారా టీబాడీలో (టేబుల్‌లో శీర్షిక కింది వరుసలుండే భాగం) పెడుతుంది. అలా ముక్కను పార్స్ చేసేటప్పుడు బ్రౌజర్ ముందుగా పై ఎలిమెంట్లలో ఫారం ఏదైనా ఉందేమో చూసి, ఉంటే దాన్నే తెరిచి ఉన్న ఫారంగా గుర్తు పెట్టుకుంటుంది. బయటి ఫారం ఉంది. ఖాళీ ఫారం శీర్షిక వరుసలో ఉంది కాబట్టి ఈ ముక్కలో లేదు. మొదటి వరుస మళ్లీ బలి. ఫోన్ వచ్చింది ఈ దశలోనే: ఫిల్టర్ పెట్టి, టిక్కులు పెట్టి, పైదాన్ని రద్దు చేయబోయారు.

వెనక్కి తీసేసింది ఇంకోరకం. బయటి ఫారాన్ని తీసేసి, ఒక్కో టీఆర్ (టేబుల్ వరుస) చుట్టూ ఒక్కో ఫారం కట్టారు. అప్పటికే వరుసలో గది నంబరు రాసే పెట్టె, ‘సేవ్’ బటన్ చేర్చమని ఆఫీసు అడిగి ఉంది. పెట్టె ఒక గడిలో, బటన్ మరో గడిలో. రెండూ ఒకే ఫారంలో ఉండాలంటే వరుస మొత్తాన్ని చుట్టేయడమే దారి అనిపించడం సహజం. కానీ టేబుల్‌కీ వరుసకీ మధ్య ఫారం ఉండటానికి వీల్లేదు. పార్సర్ ఏం చేస్తుందంటే, ఫారం ఎలిమెంట్‌ని టీబాడీలో ఖాళీగా పెట్టేసి వెంటనే చేయి కడుక్కుంటుంది. అయితే పైన చెప్పిన గుర్తు మాత్రం ఉంచుకుంటుంది. ముగింపు ట్యాగ్ వచ్చేదాకా కనిపించిన పెట్టెలనూ బటన్లనూ ఆ ఖాళీ ఫారంకే రాస్తుంది. అందుకే పేజీ తెరిచినప్పుడు అన్నీ పనిచేస్తాయి. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో చూస్తే ఫారం ఖాళీ, బటన్ బయట. అయినా నొక్కితే వెళ్తుంది!

తర్వాత ఎవరో ‘పేరు’ శీర్షిక నొక్కి అక్షర క్రమంలో పెట్టారు. క్రమం మార్చే స్క్రిప్టు ఒక్కో టీఆర్‌ని తీసి వేరే చోట పెడుతుంది. వరుస తీయగానే అది ఆ ఖాళీ ఫారం ఉన్న చెట్టు (బ్రౌజర్ కట్టుకున్న ఎలిమెంట్ల అమరిక) నుంచి విడిపోతుంది. బ్రౌజర్ ఆ బంధాన్ని తెంచేసి, మళ్లీ పెట్టాక పైన ఫారం ఏదైనా ఉందా అని వెతుకుతుంది. లేదు. ఇక బటన్‌కి ఫారమే లేదు. నొక్కితే ఏమీ జరగదు, కన్సోల్‌లో ఎర్ర గీత కూడా రాదు. అన్ని వరుసలూ ఒకేసారి చచ్చిపోయేసరికి అదే రోజు వెనక్కి తీసేశారట.

ఈ గొడవల మధ్యలో ఇంకొకటి జరిగింది, నవ్వొచ్చేలా. ఆమోదం బటన్‌ని టేబుల్ లోపల ఆఖరి వరుస తర్వాత, ఏ గడిలోనూ పెట్టకుండా రాశారు. అది వెళ్లి టేబుల్ నెత్తిమీద కూర్చుంది. టేబుల్‌లో గడికి బయట ఉన్న సరుకును పార్సర్ ఎత్తి టేబుల్‌కి ముందు పెడుతుంది కాబట్టి. దాన్ని కిందికి దించడానికి సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే భాష) మైనస్ మార్జిన్లు రాసి ఉన్నాయి. అవి చూసినప్పుడే ఈ పేజీ మీద ఎంత టెన్షన్ పడ్డారో అర్థమైంది.

దారుల ఎంపిక

రద్దుని మామూలు లింకుగా మార్చేద్దామనే మాట వచ్చింది. లేఅవుట్ బాధలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. దీన్ని వెంటనే కాదన్నాను. లింకు అంటే గెట్ అభ్యర్థన, అంటే ఏదైనా చూపించమని మాత్రమే సర్వర్‌ని అడిగేది. గెట్‌తో సర్వర్‌లో ఏదీ మారకూడదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలోని లింకుల్ని ముందే తెచ్చిపెట్టుకునే ప్రయత్నంలో కొన్ని వెబ్ అప్లికేషన్లలోని డిలీట్ లింకుల్ని కూడా తొక్కేసిన సంగతి ఈ రంగంలో పాత పాఠం.

మొత్తం పేజీకి ఒకే ఫారం ఉంచి, బటన్లకే పేర్లూ విలువలూ ఇవ్వడం ఇంకో దారి. బటన్లలో నొక్కినదాని పేరు, విలువ మాత్రమే సర్వర్‌కి వెళ్తాయి కాబట్టి ఏ వరుసో తెలిసిపోతుంది. ఫారంయాక్షన్ అట్రిబ్యూట్ (ట్యాగ్‌లో రాసే అదనపు వివరం) పెడితే చిరునామా కూడా బటన్‌ని బట్టి మారుతుంది. ఇది చెల్లుబాటయ్యే హెచ్‌టీఎంఎల్, రాయడమూ తేలిక. చిన్న పేజీలైతే నేనూ ఇదే వాడతాను. ఇక్కడ వద్దనుకోవడానికి అసలు కారణం ఎంటర్ కీ. గది నంబరు పెట్టెలో టైప్ చేసి ఎంటర్ కొడితే, ఆ ఫారంకి చెందిన బటన్లలో సోర్స్ క్రమంలో మొదటి సబ్మిట్ బటన్ (ఫారాన్ని పంపే బటన్) నొక్కినట్టు లెక్క. ఆ మొదటి బటన్ ఏది? మొదటి వరుసదే. నలభయ్యో వరుసలో గది నంబరు రాసి ఎంటర్ కొట్టిన క్లర్కు మొదటి వరుస మీద ఏదో ఒక పని చేసేస్తారు, ఆ బటన్ రద్దు అయితే ఇంకేముంది. మొదటి వరుస శాపాన్ని వదిలించుకోవడానికి వచ్చి దాన్నే ఇంకో రూపంలో తెచ్చుకున్నట్టు అవుతుంది. పైగా ప్రతి నొక్కుకీ టేబుల్‌లోని పెట్టెలన్నీ సర్వర్‌కి వెళ్తాయి. పీహెచ్‌పీలో మాక్స్ ఇన్‌పుట్ వార్స్ (ఒక అభ్యర్థనలో తీసుకునే విలువల సంఖ్య) పరిమితి మామూలుగా 1000. వరుసలు పెరిగితే తోక తెగిపోతుంది.

టేబుల్ తీసేసి డివ్‌లతో (ప్రత్యేక అర్థం లేని సాదా డబ్బాలు) కడదామన్నారు ఒకరు. అప్పుడు ఫారం ఎక్కడైనా పెట్టుకోవచ్చు, నిజమే. కానీ ఇది నిజంగా టేబుల్‌లో ఉండాల్సిన సమాచారమే. స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే సాధనం) వాడేవాళ్లకు ‘కోర్సు’ శీర్షిక కింద ఏ గడి ఉందో టేబుల్ ఉచితంగా చెబుతుంది. బటన్ కోసం దాన్ని పడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

పనిచేసింది

ఫారంలు టేబుల్‌ని చుట్టకూడదు, వరుసని చుట్టకూడదు, ఒకదాన్నొకటి చుట్టకూడదు. అవసరమైన చోట పెట్టెలూ బటన్లే తమ ఫారం ఏదో చెప్పాలి. హెచ్‌టీఎంఎల్5లో దీనికోసమే ఫారం అనే అట్రిబ్యూట్ ఉంది. దానికి ఫారం ఐడీని విలువగా ఇస్తే చాలు, పేజీలో ఎక్కడున్నా ఆ పెట్టె ఆ ఫారందే అవుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇది పనిచేయదు. ఆఫీసులో అన్ని సిస్టమ్‌లలోనూ క్రోమ్ ఉందని చూసుకున్నాకే ముందుకెళ్లాను.

ఆమోదం ఫారం ఇప్పుడు టేబుల్ పైన మొదలై టేబుల్ పైనే ముగుస్తుంది. దానిలో భద్రతా టోకెన్ (అభ్యర్థన మన పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య విలువ), ఒక బటన్, అంతే. వరుసల్లోని చెక్‌బాక్సులన్నీ ఫారం అట్రిబ్యూట్‌తో దాని వైపు చూస్తాయి. జాబితా పొడవుగా ఉంటుంది కాబట్టి కింద కూడా ఆమోదం బటన్ కావాలన్నారు. టేబుల్ తర్వాత ఒక పేరాలో అదే అట్రిబ్యూట్‌తో ఇంకో బటన్ పెట్టాను. రెండు బటన్లకూ ఒకే ఫారం.

ప్రతి వరుసలో ఆఖరి గడి లోపల రెండు చిన్న ఫారంలు పక్కపక్కన: ఒకటి సేవ్, ఒకటి రద్దు. గడిలో ఫారం పూర్తిగా ఇమిడి ఉంటే అది చెల్లుతుంది. మధ్య గడిలోని గది నంబరు పెట్టె సేవ్ ఫారం ఐడీని చెబుతుంది. ఆ ఫారంలో సబ్మిట్ బటన్ ఒక్కటే కాబట్టి ఎంటర్ కొడితే ఆ వరుస సేవ్ అవుతుంది తప్ప ఇంకేదీ కాదు. సేవ్, రద్దు రెండింటినీ ఒకే ఫారంలో పెట్టకపోవడానికి కారణం ఇదే. రెండేళ్ల తర్వాత ఎవరో రద్దుని ముందుకు జరిపితే ఎంటర్ అర్థమే మారిపోతుంది. సీఎస్ఎస్‌తో కుడిఎడమలు మార్చినా ఎంటర్ చూసేది సోర్స్ క్రమాన్నే.

ఫారం బ్లాక్ ఎలిమెంట్ కాబట్టి రెండూ ఒకదాని కింద ఒకటి పడతాయి. వాటిని పక్కపక్కన పెట్టడానికి గడికే ఫ్లెక్స్ (పక్కపక్కన పేర్చే సీఎస్ఎస్ పద్ధతి) ఇవ్వకూడదు. ఇస్తే అది టేబుల్ గడిగా ప్రవర్తించడం మానేస్తుంది, గీతలు, ఎత్తు చెడతాయి. గడిలో ఒక డివ్, ఫ్లెక్స్ దానికి. యాభై వరుసల్లోనూ ‘రద్దు, రద్దు’ అని వినిపించకుండా స్క్రీన్ రీడర్ చదివే బటన్ పేరులో దరఖాస్తు నంబరు కలిపాను. కనిపించే ‘రద్దు’ అనే మాట ఆ పేరులో అలాగే ఉంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మొబైల్ కోసం అదే జాబితాని కార్డులుగా రెండోసారి రాసి, పెద్ద స్క్రీన్ మీద సీఎస్ఎస్‌తో దాచి ఉంచారు. దాంతో ప్రతి ఫారం ఐడీ పేజీలో రెండుసార్లు ఉంది. ఐడీ రెండుంటే ఫారం అట్రిబ్యూట్ మొదటిదాన్నే పట్టుకుంటుంది. కాబట్టి దాచిన కార్డులోని గది నంబరు పెట్టె కూడా టేబుల్‌లోని ఫారంకే చేరింది. కనిపించకపోయినా దాని విలువ వెళ్తుంది. పీహెచ్‌పీలో ఒకే పేరుతో రెండు విలువలొస్తే చివరిదే మిగులుతుంది, చివరిది కార్డులోని పాత నంబరు. క్లర్కు 214 అని రాసి సేవ్ కొడితే ‘సేవ్ అయింది’ అని వస్తుంది, పేజీ తెరిస్తే పాత గదే ఉంటుంది. కార్డుల ప్రతిని పూర్తిగా తీసేసి, మొబైల్‌లో టేబుల్‌ని పక్కకు జరుపుకుని చూసేలా మార్చాం. ఆఫీసువాళ్లు మొబైల్‌లో ఈ స్క్రీన్‌ని దాదాపు తెరవరని అప్పుడు తెలిసింది.

గమనించినవి

వ్యాలిడేటర్ పేజీ మొదటి రూపాన్నే చూస్తుంది. స్క్రిప్టు తెచ్చి అతికించే వరుసలు దానికి కనిపించవు. బ్రౌజర్ కట్టుకున్న చెట్టుని తిరిగి హెచ్‌టీఎంఎల్‌గా తీసి పెడితే అది ఇంకా మోసం, ఎందుకంటే పారేసిన ఫారం ట్యాగ్ అందులో ఉండనే ఉండదు. సర్వర్ పంపే ముక్కని ఖాళీ పేజీ చట్రంలో, అది నిజంగా కూర్చునే చోటే పెట్టి పరీక్షించాలి. ఇప్పుడు టెస్టుల్లో అలాగే జరుగుతోంది.

రెండో పరీక్ష బ్రౌజర్‌లో నడుస్తుంది. పేజీ తెరిచి, ఫిల్టర్ చేసి, క్రమం మార్చి, ఒక్కో దశలో ప్రతి సబ్మిట్ బటన్‌నీ ‘నీ ఫారం ఎవరు, దాని చిరునామా ఏమిటి’ అని అడుగుతుంది. ఫారం లేని బటన్ ఒక్కటి దొరికినా, రద్దు బటన్ ఆమోదం వైపు చూసినా టెస్టు ఆగిపోతుంది. నిర్ధారణ ప్రశ్నని కూడా ఫారం మీది నుంచి తీసి బటన్‌కే కట్టాం. సర్వర్ వైపు, ఆమోదం అభ్యర్థనలో ఆమోదం బటన్ పేరు లేకపోతే తిరస్కరించేలా ఒక షరతు పెట్టాం. ఆమోదం ఫారంలో టైప్ చేసే పెట్టె లేదు కాబట్టి, బటన్ నొక్కకుండా ఆ అభ్యర్థన రావాల్సిన అవసరమే లేదు.

ఇదే పరీక్షని మిగతా స్క్రీన్ల మీద నడిపితే ఫీజు రసీదుల పేజీ పట్టుబడింది. అక్కడ చెల్లింపుల గేట్‌వే ఇచ్చిన స్క్రిప్టు తాను ఉన్న చోటే తన సొంత ఫారాన్ని సృష్టిస్తుంది. ఆ స్క్రిప్టు ఉన్నది మన ఫారం మధ్యలో. ఆ స్క్రిప్టుని మనం మార్చలేం, కాబట్టి మన ఫారాన్నే దానికి ముందు మూసేసి, అడుగున ఉన్న ‘రసీదులు ముద్రించు’ బటన్‌కి ఫారం అట్రిబ్యూట్ ఇచ్చాం. గేట్‌వే వాళ్లు స్క్రిప్టు మార్చినప్పుడల్లా ఆ పేజీ మీద మాత్రం పరీక్ష మళ్లీ నడపాల్సిందే.